తండ్రుల కాడి, కుమారుల నాణెము

పాఠ్యభాగము: రాజులు మొదటి గ్రంథము 12వ అధ్యాయము, 1 నుండి 20 వరకు

సొలొమోను మృతిపొందిన పిమ్మట అతని కుమారుడైన రెహబామును రాజుగా చేయుటకు ఇశ్రాయేలీయులు షెకెములో కూడుకొనిరి. ప్రజల మనవి ఒక్కటే. తండ్రి మోపిన కాడి మిక్కిలి బరువు, దానిని కొంత తగ్గించినయెడల నీకు లోబడియుందుమనిరి. రాజు మూడు దినములు గడువు పెట్టెను. మొదట తన తండ్రి సముఖమున నిలిచిన పెద్దలను, తరువాత తనతో కూడ పెరిగిన యౌవనులను ఆలోచన అడిగెను. యౌవనుల మాట చొప్పున కఠినముగా ప్రత్యుత్తరమిచ్చెను. పది గోత్రములు చేజారిపోయెను.

ఈ కథ మన ఆదివారపు బడి పిల్లలకు సహితము తెలిసినదే. పెద్దల మాట విననివాడు చెడిపోవునని యొక ముక్క చెప్పి పాఠము ముగించుట మనకు వాడుక. అంత తేలికగా ముగించుటకు ఈ భాగము ఒప్పుకొనదు. ఏలయనగా ఆ దినమున నేరము మోపబడినది పెద్ద తరముమీదనే. వెట్టిపనులు చేయించినది సొలొమోను. ప్రజల ఫిర్యాదు అబద్ధము కాదు. ఆ ఫిర్యాదు నిజమని ముందుగా ఒప్పుకొనినవారు కూడ ఆ ముసలివారే. పాత కాడిని దగ్గరనుండి చూచినవారు గనుక దానిని తేలిక చేయుమని వారే చెప్పిరి. ఇంకను బరువు చేయుమని చెప్పినవారు యౌవనులు. ఇది సామాన్యముగా మనము గమనింపని సంగతి.

ఈ నెల ఈ భాగమును ఎన్నుకొనుటకు కారణము కలదు. మన గ్రామముల నుండి హైదరాబాదుకును బెంగుళూరుకును పనులకు వెళ్లిన యౌవనుల సెల్‌ఫోనులలో బిట్‌కాయిన్ మొదలగు క్రిప్టో నాణెములు చేరియున్నవి. వీరి తండ్రులకు అది యేమో తెలియదు. దానిని సమర్థించువారు లోకమందంతట నున్నారు, వారి మాటలలో పెద్ద తరమును నిందించుట ఒక ముఖ్యమైన భాగము. ఆ నిందలో నిజమెంత? ఆ నిందవలన వారిలో కలిగిన ఐకమత్యము ఎంతవరకు నిలిచినది? ఈ రెండు ప్రశ్నలను షెకెము వెలుగులో చూడగోరుచున్నాము.

మొదట ఆ నాణెమనగా ఏమో తెలిసికొందము. పూర్వము మన ఊళ్లలో కరణముగారియొద్ద లెక్కల పుస్తకము ఉండెడిది. ఎవరి భూమి ఎంతయో, ఎవరు శిస్తు చెల్లించిరో, ఆ పుస్తకములో వ్రాసినదే ఊరికి నిజము. కరణము ధర్మాత్ముడైనయెడల సరి. కానియెడల బీదవాని సెంటు భూమి ఒక కలపు గీతతో పోయెడిది. బ్యాంకు కూడ ఒక విధమైన కరణమే. 2008 అక్టోబరు 31వ తేదీన సతోషి నకమోటో అను మారుపేరుతో తొమ్మిది పుటల పత్రమొకటి వెలువడెను. ఆ పేరు వెనుకనున్నది ఒకరో పలువురో నేటివరకు రుజువు కాలేదు. లెక్కల పుస్తకమును ఒక్క కరణము చేతిలో పెట్టక, ఇంటింటను ఒక ప్రతి యుంచి, అన్ని ప్రతులును ఒక్కటిగా ఉండునట్లు కంప్యూటరుల ద్వారా కాపాడుటయే అందలి ఉపాయము. సుమారు పది నిమిషముల కొకసారి ఆ పుస్తకమునకు ఒక పుట చేరును. పుటను సిద్ధపరచినవానికి కూలిగా క్రొత్త నాణెములు దొరకును. మొత్తము నాణెములు 2 కోట్ల 10 లక్షలకు మించరాదని నియమము.

2009 జనవరి 3వ తేదీన మొదటి పుట పుట్టెను. అందులో ఆ దినపు లండను టైమ్స్ పత్రికలోని శీర్షిక యొకటి పొదిగి యుంచిరి. ప్రభుత్వము రెండవసారి బ్యాంకులను ఆదుకొనబోవుచున్నదను వార్త అది. తారీఖునకు సాక్ష్యముగా దానిని ఉంచిరని కొందరు, ఫిర్యాదుగా ఉంచిరని కొందరు చెప్పుదురు. ఏది యెట్లున్నను, దానిని ఫిర్యాదుగా చదివికొనినవారే అధికులు.

ఆ ఫిర్యాదునకు ఆధారము లేకపోలేదు. 2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అను గొప్ప బ్యాంకు దివాలా తీసెను. అక్టోబరు 3న బ్యాంకులను నిలువబెట్టుటకు 70,000 కోట్ల డాలర్లవరకు వాడుకొనవచ్చునని ఆ దేశములో చట్టము చేసిరి. మరుసటి సంవత్సరము అక్టోబరునకు అచ్చట పని కోరువారిలో నూటికి పదిమందికి పని లేదు. అప్పుచేసి కళాశాల ముగించి అప్పుడే బయటికి వచ్చిన పిల్లలకు ఎట్లుండునో ఆలోచింపుడి. తప్పు చేసిన బ్యాంకులను ఆదుకొనిరి, తమను ఆదుకొనువారు లేరని వారికి తోచెను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత 1946 మొదలు 1964 వరకు పుట్టినవారిని ఆ దేశములో బూమర్లు అందురు. ఆ పేరు క్రమముగా తిట్టుగా మారెను. "మీరు చవకగా ఇండ్లు కొంటిరి, తరువాత ధరలు పెంచితిరి, దేశపు అప్పును మా నెత్తిన పెట్టితిరి" అనునది పిల్లల మాట. మన యిండ్లలో "నాన్నా, మీ కాలములో ఎకరము వేలకు దొరికెను గదా, రెండెకరములు ఎందుకు కొనలేదు" అని అడుగు కుమారుని మాటకు ఇది దూరపు చుట్టము.

కాబట్టి కాడి నిజమైనదే. అయితే దానిని మోపినవారెవరు? ఇచ్చట మనము నిదానించవలెను.

2022 ఏప్రిలులో అమెరికాలోని మయామీ నగరములో బిట్‌కాయిన్ సమర్థకుల మహాసభ జరిగెను. పీటర్ థీల్ అను ధనికుడు వేదిక నెక్కి, ఈ నాణెము ఇంకను పైకి పోకుండ అడ్డుపడుచున్న శత్రువులు వీరని కొందరి పేర్లు చదివెను. వారెన్ బఫెట్, బ్యాంకు అధిపతియైన జేమీ డైమన్, బ్లాక్‌రాక్ సంస్థకు అధిపతియైన లారీ ఫింక్ అందులో ఉన్నారు. వీరిది ధనవ్యవహారములలో ముసలివారి ఏలుబడి యనియు, బిట్‌కాయిన్ యౌవనుల తిరుగుబాటనియు ఆయన భావము. బఫెటును తాతయని యెత్తిపొడిచి కఠినమైన మాట అనెను. సభ కేకలు వేసి సంతోషించెను.

అప్పటికి బఫెటునకు 91 సంవత్సరములు, ఫింకునకు 69, డైమనునకు 66. యౌవనుల పక్షమున మాటలాడిన థీలుకు 54! మన పాఠములోను ఇట్టిదే యొకటి కలదు. రెహబాము ఏలనారంభించినప్పుడు 41 ఏండ్లవాడని 14వ అధ్యాయములో చదువుచున్నాము. అతనితో కూడ పెరిగిన "యౌవనులు" సుమారు నలువది ఏండ్ల గృహస్థులైయుండవలెను. తరములనుగూర్చి మాటలాడువారు సాధారణముగా వయస్సు లెక్కపెట్టరు. తమకు ఇష్టములేనివారు ముసలివారు, ఇష్టులైనవారు యౌవనులు, అంతే.

ఆ సభ తరువాత జరిగినది కూడ చెప్పవలెను. థీలుకు సంబంధించిన పెట్టుబడి సంస్థ ఆ సభకు ముందే, మార్చి నెలాఖరునాటికి, తన క్రిప్టో నాణెములలో ఇంచుమించు అన్నిటిని అమ్మివేసెనని 2023 జనవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక వ్రాసెను. అది మరల కొనెనను వార్తయు తరువాత వచ్చెను. శత్రువుగా ఎంచబడిన ఫింక్ సంగతి ఇంకను వింత. 2017లో ఈ నాణెమును దొంగ డబ్బునకు కొలబద్దగా ఎంచిన ఆయన పిమ్మట మనస్సు మార్చుకొనెను. 2024 జనవరి 10న అమెరికా ప్రభుత్వపు అధికారులు బిట్‌కాయిన్‌ను ఉంచుకొను నిధులకు అనుమతి ఇచ్చినప్పుడు ఆయన సంస్థయు ఒక నిధి పెట్టెను. ఆ నిధులలో అదియే అన్నిటికంటె పెద్దదాయెను. రెండేండ్లు గడువకమునుపే "ముసలివాడు" వారి ముఖ్య సహాయకుడై నిలిచెను. ఆయన కొనుటవలన ధర పెరిగినప్పుడు ఆ డబ్బు ముసలివారిదని ఎవరును త్రోసివేయలేదు!

ఇంకను లోతుకు దిగుదము. ఈ నాణెమును కట్టినవారెవరు? రహస్యలిపి శాస్త్రములో క్రొత్త మార్గము చూపిన పత్రమును 1976లో ప్రకటించిన విట్‌ఫీల్డ్ డిఫీ 1944లోను, మార్టిన్ హెల్మన్ 1945లోను పుట్టినవారు. లెక్కల పుటలలో ఒక్క అక్షరము మారినను పట్టియిచ్చు కొమ్మల పద్ధతిని కనిపెట్టిన రాల్ఫ్ మెర్కిల్ 1952లో పుట్టెను; సతోషి పత్రములో ఆయన పేరు కలదు. కంప్యూటరు నాణెమునకు 1982లోనే దారి వేసిన డేవిడ్ చామ్ 1955లో పుట్టినవాడు. 2009 జనవరి 12న సతోషి పంపిన 10 నాణెములను అందుకొని, ప్రపంచములో బిట్‌కాయిన్ పుచ్చుకొనిన మొదటి మనిషిగా నిలిచిన హాల్ ఫిన్నీకి అప్పుడు 52 సంవత్సరములు. ఆ యేడే ఆయనకు కండరములు చచ్చుబడు రోగము బయటపడెను. చేతులు పడిపోయిన తరువాత కూడ కంటిచూపుతో నడుచు యంత్రముతో ప్రోగ్రాములు వ్రాసి, 2014 ఆగస్టులో మరణించెను. వీరందరును బూమర్లు, లేదా వారికంటె పెద్దలు. ఏ తరమును తిట్టుటకు ఈ నాణెమును జెండాగా ఎత్తుచున్నారో, ఆ తరమువారే దాని దూలములను ఎత్తిరి.

కూల్చినవారి వయస్సులును చూతము. 2022 మే నెలలో టెర్రా అను నాణెము కూలి సుమారు 4,000 కోట్ల డాలర్లు గాలిలో కలిసెను. దానిని నడిపిన డో క్వాన్‌కు 30 ఏండ్లు. అదే సంవత్సరము నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అను నాణెముల అంగడి దివాలా తీసెను. దాని యజమాని సామ్ బ్యాంక్‌మన్-ఫ్రీడ్‌కును 30 ఏండ్లే. జనుల సొమ్మును వాడుకొనిన నేరమునకు 2024 మార్చిలో అతనికి 25 సంవత్సరముల శిక్ష పడెను. ఆ వేసవిలోనే సెల్సియస్ అను సంస్థ జనుల సొమ్మును తిరిగి ఇయ్యక తలుపులు మూసెను. దాని అధిపతి అలెక్స్ మషిన్స్కీకి 56. ఆయనకు 2025లో 12 సంవత్సరముల శిక్ష విధించిరి. మోసమునకు వయస్సు లేదు. ఇద్దరు ముప్పది ఏండ్లవారు తమ తరమువారినే నమ్మించి ముంచిరి. "ఇతడు మనవాడు, బ్యాంకు ముసలివాడు కాడు" అను మాటయే వారిని నమ్ముటకు ఒక కారణమైయుండెను. అత్తమీది కోపము దుత్తమీద చూపినవారు లోకమునకు క్రొత్త కాదు గాని, అత్తమీది కోపముతో దారిన పోవువానికి ఇంటి తాళము ఇచ్చుట మరియొక సంగతి.

ఇక మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచిన సంగతి. 2010 మే 22న అమెరికాలో ఒకడు 10,000 బిట్‌కాయిన్‌లు ఇచ్చి రెండు పిజ్జా రొట్టెలు తెప్పించుకొనెను. అప్పుడు ఒక్కొక్క పుటకు కూలి 50 నాణెములు. సుమారు నాలుగేండ్ల కొకసారి ఆ కూలి సగమగునట్లు నియమము. 2012లో 25, 2016లో 12.5, 2020లో 6.25, 2024 ఏప్రిలులో 3.125 ఆయెను. మొత్తము నాణెములలో నూటికి తొంబదికంటె ఎక్కువ ఇప్పటికే పుట్టిపోయినవి. దీని అర్థమేమి? ముందు వచ్చినవానికి పుట్టి, వెనుక వచ్చినవానికి కుంచము. పెద్దలు భూమిని చవకగా పట్టుకొనిరని కోపించి ఈ నాణెమును ఆశ్రయించినవారిలో ముందువారు, తాము ఎరుగకయే, క్రొత్త పెద్దలైరి. 2021లో ధర శిఖరమెక్కినప్పుడు కొనిన బిడ్డ వారియొద్దకు వచ్చి "మీకు చవకగా దొరికెను, మాకేమి మిగిలినది?" అని అడిగినయెడల వారు ఏమందురు? మేము ముందుగా గుర్తించితిమి, మేము ఓర్చుకొంటిమి, మీకును ఇంకను ఆలస్యము కాలేదందురు. తండ్రులు చెప్పు మాట ఇదియే గదా! కాడిని విరుగగొట్టెదమని బయలుదేరినవారు పదునైదేండ్లలో తమ తమ్ముళ్ల మెడలకు సరిపోవు కాడి నొకదానిని చెక్కిరి. దుర్బుద్ధితో చేసిరని మేము అనము. కొలత గల వస్తువును ముందు వచ్చినవారు పంచుకొనినచోట ఇట్లగుట సహజము. భూమియు అట్టిదే. అందుకే, అందులో దుష్టత్వము వెదకుటకు ముందు కొంచెము జాలి వెదకుట మంచిదని మా అభిప్రాయము.

ఐకమత్యము సంగతి. ఒకే శత్రువు ఉన్నంతకాలము కలిసియుండుట సులభము. యరొబాము వెనుక పది గోత్రములు ఒక్క కేకతో లేచెను. ఆ కేకలో రాజు మీది కోపము తప్ప మరేమియు లేదు. తరువాత ఏమాయెను? బేతేలులో ఒకటి, దానులో ఒకటి బంగారు దూడలు లేచినవి. ఆ రాజ్యము అషూరువారి చేతిలో పడువరకు సుమారు రెండు వందల ఏండ్లలో తొమ్మిది కుటుంబములు ఒకదానిని ఒకటి త్రోసికొనుచు సింహాసనమెక్కెను.

బిట్‌కాయిన్ వారిలోను 2015 మొదలు గొప్ప వివాదము పుట్టెను. లెక్కల పుస్తకములో ఒక్కొక్క పుట ఎంత పెద్దదిగా ఉండవలెననునది ప్రశ్న. పెద్ద పుటలైతే ఎక్కువ వ్యవహారములు పట్టును. గాని పుస్తకము లావై బీదవాడు తన యింట ప్రతి ఉంచుకొనలేడు. ఇరుపక్షములవారును సతోషి ఉద్దేశము మాదే అనిరి. ఆయనయో 2011 నుండి మౌనము. కొరింథులో పౌలువారము, అపొల్లోవారము, కేఫావారమని చీలినవారి సంగతి మనకు జ్ఞాపకము వచ్చును. క్రీస్తువారమనినవారును ఒక పక్షముగానే లెక్కింపబడిరి. 2017 ఆగస్టు 1న పెద్ద పుటలవారు వేరుపడి బిట్‌కాయిన్ క్యాష్ అను నాణెము పెట్టుకొనిరి. 2018 నవంబరు 15న ఆ వేరుపడినవారే మరల రెండుగా చీలిరి. వేరుపడుట నేర్చుకొనినవానికి రెండవసారి సులభము.

అయితే ఆ వివాదములోనే మేము గౌరవించు సంగతి యొకటి కలదు. 2017 మేలో 50కి పైగా సంస్థలు న్యూయార్కులో ఒక ఒడంబడిక చేసికొని, పుటను రెండింతలు చేయుటకు నవంబరులో గడువు పెట్టిరి. పుటలు సిద్ధపరచు యంత్రబలములో అధికభాగము వారివైపే ఉండెను. కాని ఇండ్లలో పుస్తకపు ప్రతులుంచుకొను సామాన్యులలో అనేకులు ఒప్పుకొనలేదు. నవంబరు 8న, గడువునకు కొలది దినములు మాత్రమే ఉండగా, ఆ ప్రయత్నపు నాయకులు కొందరు జాబు ప్రకటించి దానిని విరమించుకొనిరి. తగినంత ఏకాభిప్రాయము కుదరలేదనియు, బలవంతముగా ముందుకు పోయినయెడల సమాజము చీలుననియు దాని భావము. వారు పూర్తిగా ప్రేమచేతనే ఆగిరని చెప్పలేము. ఆగకపోయినయెడల జనులు వెంబడింపరను భయమును ఉండెను. అయినను బలము గలవారు కాడి తగ్గించి వెనుదీసిరి. షెకెములోని ముసలివారు రెహబామునకు చెప్పిన ఆలోచన సరిగా ఇదియే: నేడు నీవు వారికి తగ్గియుండుము. ఆ నాణెము నేటివరకు నిలిచియుండుటకు బఫెటును తిట్టిన సభకంటె ఈ జాబు ఎక్కువ సహాయము చేసినదని మాకు తోచుచున్నది.

మన యిండ్లకు వత్తము. మన దేశములో 2022 ఏప్రిలు 1 నుండి ఈ నాణెముల లాభముమీద నూటికి 30 పన్ను. ఒక నాణెములో నష్టము వచ్చినయెడల మరియొకదాని లాభములో తగ్గించుకొనుటకు వీలులేదు. 2024 జులైలో వజీరెక్స్ అను భారతదేశపు అంగడినుండి దొంగలు సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములు అపహరించిరి. అందులో సొమ్ముంచినవారికి అది నెలల తరబడి చేతికి రాలేదు. ఇట్టి నష్టము కలిగిన కుమారుడు తండ్రితో చెప్పుటకు భయపడును. చెప్పినయెడల "జూదమని ముందే చెప్పితిని గదా" అను మాట సిద్ధముగా నుండునని అతడెరుగును. అందుచేత చెప్పడు, పోయినది రాబట్టుకొనవలెనని ఇంకొక అప్పు చేయును. తండ్రులారా, ఆ మాట నోట రాకముందు ఒక్క నిమిషము ఆగగలరా? అతని అప్పు ఎంతయో, ఎవరికి, ఎంత వడ్డీకో తెలిసికొనుట మొదటి పని. యౌవనులారా, మీ తండ్రి పొలము కొనకపోవుట పిరికితనమని మీరనుకొనుచున్నారు. ఆ యేడు ఆ డబ్బు ఎక్కడికి పోయెనో ఎన్నడైనను అడిగితిరా? అనేకుల యిండ్లలో అది మీ బడి జీతమునకు పోయెను.

తండ్రులు తినిన పుల్లని పండ్లను సాకుగా చూపు సామెతను ఇకను పలుకవద్దని యెహెజ్కేలు 18వ అధ్యాయములో ప్రజలు ఆజ్ఞ పొందిరి. తీరిక గలవారు ఆ అధ్యాయమును కూడ చదువుకొనవచ్చును.

వచ్చు గృహకూటములో ఈ పాఠము జరుపువారు ఒక చిన్న మార్పు చేసి చూడవచ్చును. పెద్దల ఆలోచనగల 7వ వచనమును ఒక యౌవనునిచేత, యౌవనుల ఆలోచనగల 10, 11 వచనములను ఒక పెద్దచేత బిగ్గరగా చదివించుడి. తరువాత పెద్దలను, మీ చేతిమీదుగా పిల్లలపై పడిన బరువు ఏదైన కలదా యని అడుగుడి. యౌవనులను, మీ వెనుక వచ్చుచున్న తమ్మునికి మీరు ఏమి మిగుల్చుచున్నారని అడుగుడి. 16వ వచనమునకు పోవుటకు తొందరపడవద్దు. జవాబులు వచ్చుటకు కొంత సమయమిచ్చి, వచ్చిన తరువాతనే ముందుకు చదువుడి.